మనోళ్ళ సూది

మా ఆయన బలరామ్‌కి తెలుగు పిచ్చి. చాటుగా చెబుతున్న మాట కాదిది, ఆయన మొహం మీదే చెబుతాను. మా టాటానగర్ సాక్చీ బజారులో ఎవడైనా తెలుగులో వంకాయలు బేరమాడితే చాలు, వాణ్ణి వదలకుండా టీ కొట్టుకి లాక్కెళ్ళి ఊరూ పేరూ కనుక్కుంటాడు. పగలు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఫిట్టరు. డ్యూటీ దిగాక మేముండే బర్మామైన్స్ తెలుగు సంఘానికి కార్యదర్శి. పైసా రాని ఆ రెండో ఉద్యోగమే ఆయనకి అసలు ఉద్యోగం.

ఆయనా ఇక్కడే పుట్టాడు, మా మామగారూ ఇక్కడే పుట్టారు. ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చి పనిలో చేరింది తాతగారు. ఒకసారి శ్రీకాకుళంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. అక్కడ వరసకి బావ అయ్యేవాడొకడు, “ఏం టాటా బాబూ, నువ్వు మాట్లాడేది తెలుగేనా?” అని పదిమందిలో నవ్వాడు. మా ఆయనా నవ్వాడు గానీ, తిరుగు రైల్లో టాటానగర్ వచ్చేదాకా నోరు విప్పలేదు. ఇక్కడ షిఫ్టులో చూస్తే అందరికీ మద్రాసీ. అక్కడ అలాగ, ఇక్కడ ఇలాగ. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆయన పిచ్చిని భరిస్తాను. భరించడమంటే నోరు మూసుకోవడం అని ఎవరూ అనుకోవద్దు.

రెండు వేల ఇరవై ఒకటిలో కరోనా రెండోసారి వచ్చి మా వీధిలోంచే మనుషుల్ని ఎత్తుకుపోయింది. ఆ తరవాత టీకా అందరికీ అన్నారు. మాకు దగ్గర్లో రెండు రకాలు దొరికేవి, కోవిషీల్డ్, కోవాక్సిన్. ఒక రోజు ఇది, ఒక రోజు అది. జనం ఏది దొరికితే అది చాలనుకుని క్యూ కట్టారు. మా ఆయన మాత్రం కోవాక్సిన్ హైదరాబాద్‌లో తయారవుతుందని పేపర్లో చదివాడు. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఇంట్లో అదే భాగవతం.

“మనోళ్ళు కనిపెట్టిన సూది ఉండగా ఇంకోటెందుకే?” అన్నాడు.

“హైదరాబాదు ఎప్పుడైనా సూసేవేటి నువ్వు?” అన్నాను.

“సూడకపోతే మనది కాకుండా పోద్దేటి?”

జవాబు లేనప్పుడు నేను గిన్నెలు గట్టిగా పెడతాను. ఆ పూట ఇంట్లో గిన్నెలన్నీ మోగాయి.

సంఘం హాల్లో టీకా శిబిరం పెట్టించాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి, కోవాక్సిన్ వచ్చే రోజే కావాలని పట్టుబట్టి మరీ తెచ్చుకున్నాడు. గుమ్మానికి తెలుగులో పెద్ద బ్యానరు కట్టాడు, ‘మనోళ్ళ సూది’ అని. సూదులు వేయడానికి వచ్చిన అమ్మాయికి అది చదవడం రాదు. నిజం చెప్పాలంటే సూదులు వేయించుకోవడానికి వచ్చిన మా తెలుగు కుర్రకారులో సగంమందికీ రాదు. అయినా ఆయన బ్యానరు కింద నిలబడి పెళ్ళికొడుకు తండ్రిలా అందరినీ పలకరించాడు.

అందరినీ ఒప్పించాడు గానీ నూకమ్మ పిన్నిని ఒప్పించలేకపోయాడు. నూకమ్మ పిన్ని మా ఎదురు వరసలో ఉంటుంది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. టౌనుకి అటు చివర కద్మాలో ఒకరింట్లో వంట చేస్తుంది. మా వీధి ఆడవాళ్ళకి ఆవిడ మాటంటే గురి. ఆవిడ వద్దంటే ఎవరూ కదలరు.

“నాను సచ్చినా ఏయించుకోను. అది ఏసుకుంతే జొరమొచ్చి పోతన్నారట,” అని గుమ్మంలో కూర్చుండిపోయింది.

మా ఆయన ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. “పిన్నీ, నీ కళ్ళ ముందర నా సొంత సెల్లికి ఏయిత్తాను. దానికేటీ అవనేదంతేనే నీకు. సూడు మరి.”

ఆ ఒక్క మాటకి పిన్ని లొంగింది. పిన్నిని చూసి వీధంతా లొంగింది.

ఆ సొంత చెల్లెలే ప్రియ, నా ఆడపడుచు. ముందటేడు ఫిబ్రవరిలో, లాక్‌డౌన్‌కి ముందు పెళ్ళయింది. పెళ్ళికొడుకు సూర్యప్రకాష్ ఒమాన్‌లో, సోహార్ అనే ఊళ్ళో ఉక్కు మిల్లులో పని చేస్తాడు. పట్టుమని నెల కూడా కలిసి లేరు. సెలవు అయిపోయిందని అతను వెళ్ళాడు, వెనకాలే విమానాలు ఆగిపోయాయి. అప్పటి నుంచి ప్రియ మా దగ్గరే. కాపురం అంతా ఫోన్‌లోనే. పొద్దున్న అతను టిఫిన్ ఏం తిన్నాడో చూపిస్తాడు, సాయంత్రం ఈ పిల్ల జడ ఎలా వేసుకుందో చూపిస్తుంది. చూస్తే నవ్వొచ్చేది, జాలీ వేసేది.

శిబిరం రోజు ప్రియ నెమ్మదిగా అడిగింది. మేం తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలో జవాబిస్తుంది, ఈ కాలం పిల్లలంతా అంతే. “అన్నయ్యా, జరా రుకో నా. ఒమాన్ మే కౌన్‌సా చల్తా హై, పహ్లే పూఛ్ లేతే హై.” ఒమాన్‌లో ఏది చెల్లుతుందో ముందు కనుక్కుందామని దాని గొడవ.

“ఎక్కడైనా సూది సూదేనమ్మా. మందు మందే,” అన్నాడు మా ఆయన. ఎదురుగా నూకమ్మ పిన్ని కళ్ళార్పకుండా చూస్తోంది. ప్రియ అన్న మొహం చూసింది, పిన్ని మొహం చూసింది, చెయ్యి చాపింది. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. కానీ బ్యానరు కింద మొగుడితో పోట్లాడే ఆడది ఎక్కడుంటుంది?

వర్షాకాలంలో రెండో డోసు కూడా అయింది. అందరికీ ఒక రోజు జ్వరం, ఒళ్ళునొప్పులు. ఎవరికీ ఏమీ కాలేదు. నూకమ్మ పిన్ని మర్నాడే కద్మా వెళ్ళి వంట చేసింది. మా ఆయన మీసం మెలేసుకుంటూ తిరిగాడు.

ఆగస్టులో ప్రియకి వీసా వచ్చింది. అక్టోబరు ఆఖరులోగా ఒమాన్‌లో అడుగు పెట్టాలి, లేకపోతే ఆ వీసా చెల్లదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అప్పుడు కంపెనీ ఇస్తుందో ఇవ్వదో ఎవరికీ తెలియదు. ఆ కబురు విన్న పూట ప్రియ నన్ను వాటేసుకుని గిర్రున తిప్పింది. నేను నా బరువుతో సహా తిరిగాను.

నాలుగు రోజులు కాకుండానే సూర్యప్రకాష్ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాడు. రెండు డోసులు వేసుకున్న వాళ్ళనే రానిస్తామని ఒమాన్ వాళ్ళు చెప్పారట, ఏయే టీకాలు చెల్లుతాయో జాబితా ఇచ్చారట. కోవిషీల్డ్ ఉంది. చైనావీ రష్యాదీ కూడా ఉన్నాయి. మనది లేదు.

“సరిగ్గా సూడు బావా. కింద ఎక్కడో ఉంతాది,” అన్నాడు మా ఆయన.

“సూసేను బావా. మా ఆఫీసులో కూడా అడిగేను. నేదు.”

“నీకేది ఏసేరు అక్కడ?”

“మాకు ఎంచుకోడానికేటుంది? కంపెనీ బస్సెక్కించి తీసుకెల్లేరు, ఏది తెచ్చేరో అది ఏసేరు. అదృష్టం, అది సెల్తంది.”

ఫోన్ పెట్టేశాక నేనే మొదలుపెట్టాను. నా నోటికి హద్దు లేదని అందరికీ తెలుసు. “ఏటండీ, మనోళ్ళనే అడగండి మరి! విమానం కూడా మనోళ్ళే పంపుతారేమో. బ్యానరు మీద కూకోబెట్టి ఒమాను పంపేద్దురు గాని మీ సెల్లిని!”

మామూలుగా అయితే ఆయన నాకు రెట్టింపు అరుస్తాడు. ఆ రోజు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి రోజూ డ్యూటీ నుంచి రాగానే ఫోన్ తీసి ఆ జాబితా చూసేవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు మన టీకా వివరాలు పరిశీలిస్తున్నారని, ఇవాళో రేపో ఒప్పుకుంటారని వార్తలు. ఆ ఇవాళ అవదు, ఆ రేపు రాదు. ప్రియ ఏడవలేదు, అన్నని ఒక్క మాట అనలేదు. కానీ సూర్యప్రకాష్‌తో ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టింది. మొహం చూపించడం మానేసింది. తిట్టినా బాగుండేది. ఆ ఇంట్లో తిట్టేదాన్ని నేనొక్కదాన్నే అయిపోయాను.

సోహార్‌లో అతనితో పనిచేసే ఒకతని భార్య ఏం చేసిందో సూర్యప్రకాషే చెప్పాడు. మొదట వేయించుకున్నది ఆధార్ మీద. తరవాత పాస్‌పోర్టు మీద వేరే ఫోన్ నంబరుతో కొత్తగా పేరు రాయించుకుని, ఇదే మొదటిసారి అన్నట్టు కోవిషీల్డ్ రెండు డోసులూ వేయించుకుంది. విదేశం వెళ్ళేవాళ్ళకి రెండు డోసుల మధ్య ఎక్కువ కాలం ఆగక్కర్లేదట. అలా అయితే వీసా గడువు లోపలే ప్రియ వెళ్ళొచ్చు.

“మొత్తం నాలుగు సూదులు,” అన్నాను నేను. ప్రియ తల ఊపింది.

మాకు తెలిసిన డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏమీ కాదని చెప్పలేనమ్మా, ఏదో అవుతుందనీ చెప్పలేను. ఇలా వేసుకుంటే ఏమవుతుందో ఇంకా ఎవరూ తేల్చలేదు. నేనైతే వేయించుకోమని చెప్పను,” అన్నాడు.

ఇంటికొచ్చాక ప్రియ అన్న ఎదురుగా కూర్చుని, ఈసారి తెలుగులోనే చెప్పింది. “అన్నయ్యా, నేను ఏయించుకుంటాను. ఇంక ఫోన్‌లో కాపరం నావల్ల కాదు.”

మా ఆయన గోడ వైపు చూస్తూ, “ఏయించుకోనేదని అబద్ధం ఆడాలి కదమ్మా,” అన్నాడు.

“అవును. ఆడతాను.”

“నువ్వాడొద్దు.” చెల్లెలి వైపు తిరిగి అన్నాడు, “నేనొత్తాను.”

సెప్టెంబరు మొదట్లో కద్మా కేంద్రానికి వెళ్ళాం. బర్మామైన్స్‌లో ఆయనని ఎరగని వాళ్ళు లేరు, అందుకే అంత దూరం. ఆటోలో ప్రియ మా ఇద్దరి మధ్య కూర్చుంది. కేంద్రంలో జనం పలచగా ఉన్నారు. కౌంటరు దగ్గర కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుంది. పాస్‌పోర్టు తీసుకుంది, వీసా చూసింది. తల ఎత్తకుండానే ప్రియని అడిగింది, ఇంతకు ముందు ఏ టీకా అయినా వేయించుకున్నారా అని.

ప్రియ నోరు తెరిచింది, మాట రాలేదు. అబద్ధం ఆడతానని ఇంట్లో అన్నంత తేలిక కాదు కదా. ఆ అమ్మాయి తల ఎత్తింది. అయిపోయింది, పట్టుబడ్డాం అనుకున్నాను.

మా ఆయన ముందుకి జరిగాడు. “నహీ మేడమ్,” అన్నాడు. “ఏక్ భీ నహీ. యే పహ్లా హై.”

ఆ గొంతు నాకు తెలియని గొంతు. ఊరంతా తిరిగి, మనోళ్ళది మనోళ్ళది అని గుమ్మాల్లో గొంతుక్కూర్చుని బతిమాలిన మనిషి, అది అసలు వేయనే లేదని చెప్పాడు. ఆ అమ్మాయి కంప్యూటరులో ఏదో కొట్టి, లోపలికి వెళ్ళమని చెయ్యి చూపించింది. నేను వెనక్కి తిరిగాను. మా వెనకాలే, ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని నూకమ్మ పిన్ని నిలబడి ఉంది.

తను వంట చేసే ఇంటి పెద్దావిడని టీకాకి తీసుకొచ్చింది. కద్మాలో పని చేస్తుందని తెలిసి కూడా మాలో ఒక్కరికీ ఆవిడ గుర్తు రాలేదు. చూడండి మా తెలివి! పిన్నికి హిందీ బాగా వచ్చు. అంతా వింది. ఒక్క మాట, మొన్ననే వేశారు కదా అన్న ఒక్క మాట ఆవిడ అంటే చాలు, ప్రియ ప్రయాణం అక్కడితో సరి. ప్రియ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిన్ని మమ్మల్ని చూసింది. ఏమీ అనలేదు. పెద్దావిడ పేరు రాయించడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

సూది పడ్డాక అరగంట కూర్చోవాలి, అది అందరికీ రూలు. ప్లాస్టిక్ కుర్చీల గదిలో మేం ముగ్గురం కూర్చున్నాం. కాసేపటికి పెద్దావిడని పట్టుకుని పిన్ని వచ్చి ఎదురుగా కూర్చుంది. పారిపోవడానికి దారి లేదు.

“ఏట్రా బలరామూ, గుంటకి ఏటయ్యింది?” అంది పిన్ని ప్రియ వైపు చూపిస్తూ. అక్కడ తెలుగు వచ్చిన వాళ్ళు మేం తప్ప ఎవరూ లేరు, గొంతు తగ్గించలేదు.

“ఏటీ అవనేదు పిన్నీ.”

“మరి మల్లీ ఎందుకు?”

నేనే చెప్పాను, ఒమాను వాళ్ళు మనది ఒప్పుకోరట అని.

“ఎందుకొప్పుకోరు? మంచిది కాదనా?”

“మంచిదే!” అన్నాడు మా ఆయన. గదిలో అందరూ ఇటు చూశారు. గొంతు తగ్గించాడు. “మంచిదే పిన్నీ. ఒట్టు. ఆల్లకింకా తెలీదు. కాయితాలు సూత్తన్నారు.”

“తెలీకపోతే సెప్పాల. నువ్వు అసల ఏయించనేదని సెప్పేవు.” పిన్ని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను అందుకునేదాన్ని. “ఆ పొద్దు నన్ను సూడమన్నావు. ఈ గుంట సేతికి ఏత్తంతే సూసేను. సూసే ఏయించుకున్నాను. నాను సూసింది నేదంతావేట్రా?”

మా ఆయన మొహం ఎర్రబడింది, తరవాత పాలిపోయింది. ఠపీమని లేచి కౌంటరు వైపు నడిచాడు. ఇరవై ఏళ్ళ కాపురం, ఈ మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసు. ఇప్పుడు వెళ్ళి ఆ అమ్మాయితో నిజం చెప్పేస్తాడు, మాది ముందే అయిందమ్మా, హైదరాబాద్‌లో చేసింది, రెండు డోసులూ అని. ప్రియ సగం లేచి, “అన్నయ్యా!” అంది. ఆయన వెనక్కి చూడలేదు.

కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆ అమ్మాయి తల ఎత్తి ఏమిటని అడిగింది. ఆయన పెదాలు కదిలాయి. మళ్ళీ అడిగింది. అప్పుడేదో అన్నాడు, నాకు వినపడలేదు. ఆ అమ్మాయి సొరుగు తీసి ఏదో ఇచ్చింది.

వెనక్కి వచ్చి ఆ అమ్మాయి ఇచ్చిన జ్వరం మాత్రలు ప్రియ చేతిలో పెట్టాడు. “జొరమొత్తే ఏసుకో,” అన్నాడు. కూర్చున్నాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు చూసి నేను తల తిప్పుకున్నాను. అన్ని రోజులూ తిట్టిన నోరు నాదే, ఆ పూట ఆయన్ని ఎవరైనా ఏమైనా అంటే చీల్చేసేదాన్ని.

పిన్ని లేచింది. పెద్దావిడని లేపి, వెళ్తూ వెళ్తూ ప్రియ తల మీద చెయ్యి వేసింది. “నానెవుల్తోనూ అనన్లే. ఆడగుంట, మొగుడి కాడికెల్లాల. ఆమాత్రం తెల్దేటి నాకు,” అంది. మా ఆయన వైపు చూడలేదు.

ప్రియకి రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. అక్టోబరు మొదట్లో రెండోది వేయించాం. ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు, కంప్యూటరులో మొదటిది ఉంది కదా. దసరా అయ్యాక ప్రియ వెళ్ళింది. సోహార్ చేరి, ఇద్దరూ ఒకే ఫోన్‌లో పక్కపక్కన కనిపించారు. నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన మాత్రం అంతకు ముందులా లేడు. సంఘానికి వెళ్ళేవాడు, తాళం తీసేవాడు, కూర్చునేవాడు. టీకా మాట వస్తే లేచి వచ్చేసేవాడు. నూకమ్మ పిన్ని అన్న మాట నిలబెట్టుకుంది, వీధిలో ఒక్కరికీ తెలియదు. ఎదురుపడితే మాత్రం ఆయనతో మాట్లాడదు. ఆయన దారి మార్చుకుని వెనక సందులోంచి రావడం మొదలుపెట్టాడు.

ప్రియ వెళ్ళి వారం పది రోజులైందేమో, సూర్యప్రకాష్ ఫోన్ చేశాడు. ఒమాన్ వాళ్ళు కోవాక్సిన్‌ని జాబితాలో చేర్చారట. ఇంకో వారానికి, దీపావళి ముందు రోజు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుందని టీవీలో చెప్పారు. వీధిలో పిల్లలు మా గుమ్మం ముందే టపాసులు కాల్చారు. “సెక్రటరీగారూ, నెగ్గేం!” అని ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆయన నోట్లో లడ్డూలు పెట్టారు. ఆయన అందరికీ దండం పెట్టాడు. వాళ్ళంతా వెళ్ళాక చొక్కా తొడుక్కున్నాడు.

“ఎక్కడికి?” అన్నాను.

“నూకమ్మ పిన్ని కాడికి. సెప్పొత్తాను.”

ఎదురు వరస, అయినా వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చివరికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

“సెప్పేవా?”

“సెప్పేను. దేశాలన్నీ ఒప్పుకున్నాయి పిన్నీ, మనది మంచిదని ఒప్పుకున్నాయి అన్నాను.”

“ఏటంది?”

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురింటి గుమ్మం వైపు చూశాడు. “సరే, ఆల్లొప్పుకున్నారు. నువ్వెప్పుడొప్పుకుంతావు అంది.”

నేను పక్కన కూర్చున్నాను. ఆయనే అన్నాడు, ఆదివారం సంఘం మీటింగు పిలుస్తున్నాను, వీధంతా రావాలి, నువ్వు కూడా రా అని. దేనికని నేను అడగలేదు.